మ్యాట్‌కి డిగ్రీలు తెలీవు

మర్రిపాలెం నుంచి ఓ పాఠకుడి ప్రశ్న: “లెపర్డ్ గెకోని (చిరుత మచ్చల పెంపుడు బల్లి) ప్లాస్టిక్ టబ్బులో పెంచుతున్నాను. అడుగున హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలచని షీటు) పెడితే టబ్బు కరిగిపోదా?”

పాలీప్రొపిలీన్ టబ్బు కరగాలంటే 160 డిగ్రీలు కావాలి. అంతకు చాలా ముందే బల్లి పొట్ట కాలుతుంది. బల్లి మన మీద పడితే ఏమవుతుందో పంచాంగంలో పట్టిక ఉంటుంది గానీ, వేడి మ్యాట్ మీద పడుకుంటే ఏమవుతుందో ఉండదు!

మ్యాట్‌కి తెలిసింది వాట్లే. 8 వాట్ల మ్యాట్ సెకనుకు 8 జౌళ్ల వేడి వదులుతూనే ఉంటుంది. అది ఎంత వేడెక్కుతుందన్నది ఆ జౌళ్లు బయటపడే దారిని బట్టి ఉంటుంది. దుప్పటి కొత్తగా వేడి పుట్టించదు, ఉన్నదాన్ని పోనివ్వదు, అంతే. 28×14 సెంటీమీటర్ల మ్యాట్ అంటే సుమారు 0.04 చదరపు మీటర్లు, చదరపు మీటరుకు 200 వాట్లు. గాలి తగిలే తలం ఒక్కో డిగ్రీ తేడాకి చదరపు మీటరుకు దాదాపు 10 వాట్లు వదిలించుకుంటుంది. రెండు వైపులా గాలాడితే మ్యాట్ గదికంటే 10 డిగ్రీలు ఎక్కువ. కింద థర్మాకోల్ పెడితే 20. పైన 5 సెంటీమీటర్ల కొబ్బరిపొట్టు కూడా పరిస్తే కాగితం మీద 180 దాటుతుంది! అంచుల నుంచి కారిపోతుంది కాబట్టి నిజంగా అంత చేరదు. కానీ బల్లి పొట్టు తవ్వుకుని అడుగుకు చేరితే వాత ఖాయం. టిష్యూ పేపరు రెండు పొరలు చాలు.

మ్యాట్ టబ్బు బయట, అడుగున మూడో వంతుకే. మూలల్లో 5 మిల్లీమీటర్ల రబ్బరు బుడిపెలు అతికించి గాలి ఆడనివ్వాలి. వేడి హద్దు దాటితే మ్యాట్‌ని ఆపేది థర్మోస్టాట్. దాని ప్రోబు (వేడి కొలిచే తీగ కొస) మ్యాట్‌కీ టబ్బుకీ మధ్య టేపుతో బిగించాలి. లోపల పెడితే బల్లి కదిలిస్తుంది, నీళ్లు ఒలికితే తడి ప్రోబు చల్లబడి మ్యాట్‌ని ఆగనివ్వదు. లోపలి నేల 31–33 డిగ్రీలు ఉండాలి, ప్రోబు దగ్గర రెండు మూడు ఎక్కువే చూపిస్తుంది.

థర్మోస్టాట్ ఉంది కదా అని 20 వాట్ల మ్యాట్ కొనకండి. థర్మోస్టాట్ లోపలి స్విచ్ (రిలే) కాంటాక్టులు అతుక్కుపోతే మ్యాట్ ఆగదు. బల్లిని పెట్టకముందే, థర్మోస్టాట్ లేకుండా ఆరు గంటలు నడిపి నేల కొలవండి. 40 దాటితే ఆ మ్యాట్ వద్దు. 110 వోల్టులది అసలే వద్దు: మన 230కి తగిలిస్తే 8 వాట్లు కాస్తా 35 అవుతాయి.

విశాఖలో జనవరి రాత్రి బయట 18కి దిగినా మూసిన గదిలో 22–23 ఉంటుంది. పెంచాల్సింది 10 డిగ్రీలే. మే నెలలో గదే 33, అదే మ్యాట్ ఆగకుండా నడిస్తే 43. థర్మోస్టాట్ వేడిని ఆపగలదే గానీ చల్లబరచలేదు, ఆ ఎండల్లో ప్లగ్ పీకేయండి. పీకినప్పుడు పిన్నులు చూడండి. సముద్రపు గాలికి చిలుమెక్కి కాంటాక్టు వదులైతే ముందు మాడేది మ్యాట్ కాదు, సాకెట్టు.