గెలాక్సీలు ఎటు ఒరిగి ఉన్నాయన్న ప్రశ్న ఎక్కడ మొదలైంది

ఊదారంగులో మెరిసే దారాల అల్లికలాంటి బొమ్మ ఒకటి నెట్‌లో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, విశ్వం మొత్తం సాలెగూడులా ఉందని చెప్పడానికి అందరూ అదే పెడతారు. అది టెలిస్కోప్ తీసిన ఫోటో కాదు, 2005లో వచ్చిన మిలీనియం సిమ్యులేషన్‌ది, వెయ్యి కోట్ల కణాలు పెట్టి గ్రావిటీ వాటిని ఎలా లాగుతుందో కంప్యూటర్‌లో నడిపి చూశారు. ఆ దారాలనే ఫిలమెంట్లు అంటారు, వాటి గురించి ఇప్పుడు చాలామందికి తెలుసు. కానీ ఆ దారాల్లో ఉన్న గెలాక్సీలు ఎటు ఒరిగి ఉన్నాయి, ఏ యాక్సిస్ మీద తిరుగుతున్నాయి అన్నది వేరే ప్రశ్న, నిజానికి దారాలు బయటపడకముందే మొదలైన ప్రశ్న, చాలాకాలం పాటు దాన్ని పెద్దగా ఎవరూ నమ్మలేదు. నాకు ఈ కథ అంత ఇష్టం కావడానికి కారణం అదే.

పాతరోజుల్లో పని ఎలా ఉండేదో ఒక్కసారి ఊహించుకోండి. గాజు ఫోటోగ్రాఫిక్ ప్లేట్ మీద గెలాక్సీ అంటే ఒక చిన్న మసక మచ్చ, దాని పొడుగు ఏ వైపు ఉందో చూసి ఉత్తరం నుంచి తూర్పుకి ఎన్ని డిగ్రీలో రాసుకోవాలి, మళ్ళీ ఇంకో మచ్చ, మళ్ళీ ఇంకోటి. 1960ల్లో బ్రౌన్ అనే ఆయన ఇలా కొలిచి, ఈ కోణాలు ఎలా పడితే అలా లేవు, కొన్ని దిక్కులకి మొగ్గు ఉంది అన్నాడు. కానీ ఎక్స్‌పోజర్ నడుస్తుండగా టెలిస్కోప్ ట్రాకింగ్ కొంచెం జారినా ప్లేట్ మీద మచ్చలన్నీ ఒకే వైపు సాగుతాయి కదా, పైగా కొలిచే మనిషి కన్ను కూడా మోసం చేస్తుంది. 1975లో హాలీ, పీబుల్స్ ఇద్దరూ కలిసి మళ్ళీ జాగ్రత్తగా లెక్క వేస్తే గట్టి ఆధారం ఏమీ కనపడలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. గుండ్రటి డిస్క్‌ని పక్కకి వంచి చూస్తే కోలగా కనిపిస్తుంది, ఎంత కోలగా ఉందో చూసి ఎంత వంగిందో చెప్పొచ్చు, కానీ ఆ డిస్క్‌లో ఏ అంచు మనకి దగ్గరగా ఉందో ఏ అంచు వెనక్కి ఉందో బొమ్మలో తేలిగ్గా తేలదు, అంటే ఒక్కో గెలాక్సీకి రెండేసి జవాబులు. ఇలాంటి డేటాతో దిక్కు తేల్చడం ఎంత కష్టమో చూడండి.

అప్పటికి అసలు దేనితో పోల్చాలో కూడా తెలీదు, ఎందుకంటే ఫిలమెంట్లు ఇంకా దొరకలేదు. 1970లో మాస్కోలో జెల్డోవిచ్ ఒక లెక్క చూపించాడు, పదార్థం అన్ని వైపుల నుంచి సమానంగా కూలదు, ముందు ఏదో ఒక దిక్కులో కూలి పల్చటి షీట్‌లా మారుతుంది అని. 1977లో టాలిన్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సులో ఎస్టోనియాకి చెందిన ఐనాస్టో, ఆయనతో పనిచేసినవాళ్ళు గెలాక్సీలు గొలుసుల్లా ఉన్నాయి, మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు ఉన్నాయి అని మ్యాప్ చూపించారు. అదే రోజుల్లో అమెరికాలో గ్రెగరీ, థాంప్సన్ కోమా క్లస్టర్ అనే గెలాక్సీల పెద్ద గుంపు చుట్టుపక్కల రెడ్‌షిఫ్ట్‌లు (కాంతి ఎరుపు వైపు ఎంత జరిగిందో, దాన్నిబట్టి దూరం తెలుస్తుంది) కొలిచి అలాంటి ఖాళీల గురించే రాశారు. అయినా అందరికీ నమ్మకం కుదిరింది మాత్రం 1986లో, డి లాపరాన్, గెల్లర్, హుక్రా ముగ్గురూ ఆకాశంలో ఒక సన్నటి ముక్క తీసుకుని అందులో దాదాపు 1,100 గెలాక్సీల దూరాలు వేసి చూపించినప్పుడు, ఆ ప్లాట్‌లో చుక్కలన్నీ కలిసి చేతులు చాపిన మనిషి బొమ్మలా వచ్చాయి, చూసినవాళ్ళు ఇక మర్చిపోలేదు.

ఒరుగుడు కథ ఈలోపు పక్కన నడుస్తూనే ఉంది. 1982లో బింగెలీ గెలాక్సీల్ని కాకుండా మొత్తం క్లస్టర్లని తీసుకుని చూశాడు, క్లస్టర్ పొడుగు పక్కనున్న క్లస్టర్ వైపు చూపిస్తోంది, లోపలున్న అతి పెద్ద గెలాక్సీ కూడా అదే వైపు సాగి ఉంది అని తేల్చాడు. దీని మీదా చాలా ఏళ్ళు వాదన జరిగింది. 1996లో బాండ్, కాఫ్‌మన్, పొగోస్యాన్ నేచర్‌లో రాసిన పేపర్‌తోనే కాస్మిక్ వెబ్ అన్న పేరు స్థిరపడింది, అందులో వాళ్ళు చెప్పింది ఏంటంటే రెండు పెద్ద ముద్దలు ఒకదాని వైపు ఒకటి సాగి ఉంటే వాటి మధ్య దారం గట్టిగా ఏర్పడుతుంది అని. అంటే దిక్కు అన్నది తర్వాత వచ్చి చేరిన వివరం కాదు, దారం పుట్టుకలోనే ఉంది. ఈ పాయింట్ సరిపడా చెప్పరని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

మరి గెలాక్సీ తిరగడం ఎందుకు మొదలవుతుంది? 1949లో హాయిల్ ఒక ఐడియా చెప్పాడు, 1969లో పీబుల్స్, తర్వాత డొరోష్కెవిచ్, 1984లో వైట్ దాన్ని లెక్కల్లోకి తెచ్చారు. ఇంకా పూర్తిగా కూలని పదార్థం ముద్ద గుండ్రంగా ఉండదు, చుట్టూ ఉన్న పదార్థం దాన్ని ఒక్కో వైపు ఒక్కోలా లాగుతుంది, ఆ మెలికతో తిప్పుడు వస్తుంది. అలాగైతే చుట్టూ ఉన్న దారానికీ గెలాక్సీ తిరిగే యాక్సిస్‌కీ లింక్ ఉండి తీరాలి.

సిమ్యులేషన్లు పెద్దవయ్యాక ఆ లింక్ కనపడింది గానీ ఎవరూ అనుకోని మలుపుతో. 2007 నుంచి వచ్చిన పేపర్లలో, మరీ క్లియర్‌గా 2012లో కోడిస్ టీమ్ పేపర్‌లో తేలింది ఏంటంటే చిన్న డార్క్ మ్యాటర్ హేలోల (గెలాక్సీల చుట్టూ ఉండే కంటికి కనపడని పదార్థం ముద్దల) యాక్సిస్ దారం వెంబడే ఉంటుంది, పెద్దవాటిది దారానికి అడ్డంగా ఉంటుంది, ఈ మార్పు సుమారు 5 లక్షల కోట్ల సూర్యుళ్ళ బరువు దగ్గర జరుగుతుంది. కారణం చాలా అందంగా ఉంది. మొదట్లో పదార్థం షీట్ల నుంచి దారంలోకి సుడి తిరుగుతూ దిగుతుంది, అందులో పుట్టినవి దారం చుట్టూ తిరిగినట్టే తిరుగుతాయి. తర్వాత అవి దారం వెంట జారుకుంటూ వెళ్ళి ఒకదాన్నొకటి గుద్దుకుని కలిసిపోతాయి, అప్పుడు ఆ పరుగులో ఉన్న మొమెంటమ్ తిప్పుడుగా మారి యాక్సిస్ అడ్డంగా పడుతుంది.

2013లో టెంపెల్, స్టోయికా, సార్ ఆకాశాన్ని పెద్ద ఎత్తున మ్యాప్ చేసిన స్లోన్ సర్వే గెలాక్సీల్లో దాన్నే వెతికారు. స్పైరల్స్ (సుడి ఆకారం గెలాక్సీలు) యాక్సిస్ దారం వెంబడి కొంచెం, ఎలిప్టికల్స్‌ది (కోడిగుడ్డులా ఉండేవాటిది) అడ్డంగా ఇంకాస్త స్పష్టంగా కనపడింది. ఈ మొగ్గు చాలా చిన్నది, ఏ ఒక్క గెలాక్సీని చూసీ చెప్పలేం, వేలల్లో కలిపితేనే తేలుతుంది. 2020లో ఆస్ట్రేలియాలోని సామీ సర్వే డేటాతో వెల్కర్ టీమ్ గెలాక్సీలు నిజంగా ఏ వైపు తిరుగుతున్నాయో స్పెక్ట్రంలో కొలిచి, బరువుతో పాటు యాక్సిస్ మారడాన్ని చూపించింది.

ఈలోపు ఇదే విషయం ఇంకోచోట తలనొప్పి అయింది. 2000లో విశ్వమంతటా పరుచుకున్న పదార్థం వల్ల కలిగే వీక్ లెన్సింగ్‌ని మొదటిసారి కొలిచారు, అంటే దూరపు గెలాక్సీల కాంతిని మధ్యలో ఉన్న డార్క్ మ్యాటర్ వంచితే వాటి ఆకారాలన్నీ ఒకే తీరున కొద్దిగా సాగుతాయి, దాన్నిబట్టి డార్క్ మ్యాటర్ ఎంతుందో లెక్కేస్తారు. గెలాక్సీలు వాటంతట అవే ఒకే వైపు ఒరిగి ఉంటే ఆ లెక్క తప్పుతుంది. అదే ఏడాది నుంచి దీని మీద పేపర్లు వచ్చిపడ్డాయి, 2023 జులైలో వెళ్ళిన యూక్లిడ్ టెలిస్కోప్ డేటాలో కూడా ఈ రెండింటినీ విడదీయాల్సిందే. ఒకప్పుడు ప్లేట్ తప్పు అని పక్కన పెట్టిన మొగ్గుని ఇప్పుడు లెక్కలోంచి తీసేయడానికైనా సరే ముందు కచ్చితంగా కొలవక తప్పదు.

కథ ఇప్పుడు దారాల తిప్పుడు దగ్గరికి వచ్చింది. 2021లో పెంగ్ వాంగ్ టీమ్ వేల ఫిలమెంట్లని ఒకదాని మీద ఒకటి పేర్చి చూస్తే ఒక పక్క గెలాక్సీలు మన వైపు వస్తున్నట్టు, రెండో పక్కవి దూరం వెళ్తున్నట్టు కనపడింది, అంటే దారమే తిరుగుతోందన్నమాట. 2025 డిసెంబర్‌లో మీర్‌కాట్ రేడియో టెలిస్కోప్ డేటాతో ఒక్క దారంలోనే అది కనపడింది, 40 కోట్ల పైచిలుకు కాంతి సంవత్సరాల దూరంలో, హైడ్రోజన్ గ్యాస్ నిండుగా ఉన్న 14 గెలాక్సీలు ఒక సన్నటి వరసలో, పొడవు 55 లక్షల కాంతి సంవత్సరాలు, దారం తిరిగే వేగం సెకనుకి దాదాపు 110 కిలోమీటర్లు. ఆ 14లో చాలావాటి యాక్సిస్ దారం వైపే ఉంది, అది కూడా సిమ్యులేషన్లు చెప్పినదానికంటే గట్టిగా.