రాజాం దారిలో బుస్సీ సిపాయిలు: ఒక ఆట వెనుక పాత తగవు

విజయనగరంలో టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలాడే, అంటే బల్ల చుట్టూ కూర్చొని తలా ఒక పాత్రగా కథను నడిపే, ఒక బృందంలో పాత తగవు మళ్లీ రాజుకుంది: ఆటగాళ్లు ఏ దారి ఎంచుకున్నా ఫలితాన్ని గేమ్ మాస్టర్, అంటే ఆటలోని లోకాన్నీ ఎదురయ్యేవారినీ నడిపే వ్యక్తి, ముందే ఖాయం చేయవచ్చా? 1757 జనవరి 24 నాటి బొబ్బిలి యుద్ధం చుట్టూ అల్లిన ఆటలో, రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడికి కోట నుంచి కబురు చేర్చడం ఆటగాళ్ల పని. వేగావతి ఒడ్డున సిపాయిలు కాచుకొని ఉన్నారని ఒక పడవవాడికి ఉంగరం ముట్టజెప్పి మరీ తెలుసుకొని, వారు తెర్లాం వైపు దారి పట్టారు. అక్కడా ఫ్రెంచి సేనాని బుస్సీ సిపాయిలకే చిక్కారు. ఆట ముగిశాక గేమ్ మాస్టర్ నోటుపుస్తకంలో రెండు దారుల కిందా అదే దండు రాసి ఉంది.

1974లో ఈ తరహా ఆటల్లో మొదటిదైన డంజన్స్ అండ్ డ్రాగన్స్ రావడం, ఆ తొలి రోజుల సంగతులు ఆడేవారందరూ ఎరిగినవే. ఈ తగవులో అసలు మలుపు 1984. అంతకుముందు సాహసాలు, అంటే గేమ్ మాస్టర్ ఆడించడానికి అచ్చయిన పుస్తకాలు, ఎక్కువగా ఒక చోటును వర్ణించి, అందులో ఏం చేయాలన్నది ఆటగాళ్లకే వదిలేసేవి. ఆ ఏడాది అదే ఆటకు మొదలైన డ్రాగన్‌లాన్స్ సాహసాలు మాత్రం ముందే కథ రాసుకొని, వారిని అందులో నడిపించాయి. కథకు అవసరమైన పాత్ర చనిపోతే, తర్వాత తిరిగి తెచ్చుకొనే వీలుండేలా ఆ మరణాన్ని అస్పష్టంగా ఉంచమన్నాయి. ఆటలో జయాపజయాలు తేల్చే పాచికల ఫలితాన్ని కాదనే హక్కును డంజన్స్ అండ్ డ్రాగన్స్ రూపకర్తల్లో ఒకడైన గారీ గైగాక్స్ 1979లోనే గేమ్ మాస్టర్‌కు ఇచ్చాడు గాని, తెలివిగా ఆడినా అదృష్టం వికటించిన ఆటగాణ్ణి కాయడం అందులో ముఖ్య ఉద్దేశం. 1984 తర్వాత కాపాడవలసింది కథ అయింది, ఆటగాడు కాదు.

ఎంపిక ఉన్నట్టు నమ్మించి ఫలితాన్ని ముందే ఖాయం చేయడానికి 2000 తర్వాతి చర్చల్లో ఇల్యూజనిజం అన్న పేరు స్థిరపడింది. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్ అనే మరో రోల్‌ప్లేయింగ్ ఆట, కథను ముందే అల్లుకోవద్దని గేమ్ మాస్టర్‌కు నియమంగానే పెట్టింది.

కబురు చేరితే చరిత్ర తలకిందులవుతుందని గేమ్ మాస్టర్ వాదన. కోట కూలడం మీద ఆటగాళ్లకు పేచీ లేదు. ఆ మాట ముందే చెప్పి ఉంటే కబురు చేరక ముందు ఏం కాపాడుకోగలమో చూసుకొనేవారమని వారంటున్నారు. పుకార్లతో, గుర్రపు డెక్కల జాడలతో తమను ఒక వైపు తిప్పినా వారికి అభ్యంతరం లేదు, ఎందుకంటే వాటిని నమ్మాలో వద్దో తేల్చుకొనేది తామే. ఉంగరం ఇచ్చి కొనుక్కున్న కబురుకు విలువ లేకుండా చేయడమే వారి ఫిర్యాదు, అది న్యాయమైనదే.

ఇకపై తన పాచికలను మరుగుపరిచే తెర తీసేసి వాటిని అందరి ముందూ వేస్తానని గేమ్ మాస్టర్ ఒప్పుకున్నారు. అయితే సిపాయిలు ఏ దారిలో ఉండాలన్నది ఆ రోజు పాచికలు తేల్చలేదు.