డబ్బు పెట్టినవాళ్లకు దక్కాల్సిన ఘనత ఎంత?

సైన్స్, టెక్నాలజీ ముందుకు కదిలింది పెట్టుబడిదారుల పుణ్యమేనని కొందరంటారు. వాళ్లు చేసిందల్లా చెక్కు మీద సంతకం పెట్టడమేనని మరికొందరు కొట్టిపారేస్తారు. ఆవిరి యంత్రం కథలో ఈ రెండు వాదాలకూ సాక్ష్యం దొరుకుతుంది. అందుకే ఆ కథను కాస్త నిదానంగా చూడాలి.

గ్లాస్గో యూనివర్సిటీలో పరికరాలు తయారుచేసే జేమ్స్ వాట్ దగ్గరికి 1763లో న్యూకొమెన్ యంత్రం (అప్పట్లో వాడుకలో ఉన్న ఆవిరి యంత్రం) నమూనా ఒకటి రిపేరుకు వచ్చింది. ప్రతిసారీ సిలిండర్‌ను వేడెక్కించి, మళ్లీ చల్లార్చడం వల్ల బోలెడంత ఆవిరి వృథా అవుతోందని వాట్ పసిగట్టాడు. ఆవిరిని వేరే పాత్రలోకి పంపి చల్లబరిస్తే సరిపోతుందన్న ఆలోచన 1765లో తట్టింది. దాన్ని పనిచేసే యంత్రంగా మార్చడానికి మాత్రం ఏళ్లు పట్టింది, అప్పులు పెరిగాయి. అప్పుడు ఆదుకున్నవాడు జాన్ రోబక్ అనే పారిశ్రామికవేత్త. వాట్ అప్పులు తన నెత్తిన వేసుకుని, 1769లో వచ్చిన పేటెంటులో మూడింట రెండు వంతుల వాటా తీసుకున్నాడు. యంత్రం అక్కరకు రాకముందే, 1773లో రోబక్ దివాలా తీశాడు. ఆ వాటా బాకీ కింద మాథ్యూ బౌల్టన్ అనే ఫ్యాక్టరీ యజమాని చేతికి వెళ్లింది. ఈ రోజు వాట్ పక్కన వినిపించే పేరు బౌల్టన్‌దే. అందరికంటే ముందు నమ్మి చేతులు కాల్చుకున్న రోబక్‌ను తలుచుకునేవాళ్లు అరుదు.

అలాగని బౌల్టన్ పాత్ర చిన్నది కాదు. మంచి పనివాళ్లను సమకూర్చాడు. పేటెంటు గడువు 1800 దాకా పొడిగిస్తూ 1775లో పార్లమెంటు చట్టం చేసేలా పలుకుబడి వాడాడు. కానీ సిలిండర్ లోపలి గోడ కచ్చితమైన గుండ్రంగా లేకపోతే పిస్టన్ పక్కనుంచి ఆవిరి కారిపోతుంది. ఫిరంగి గొట్టాలు తొలవడంలో ఆరితేరిన జాన్ విల్కిన్సన్ బోరింగ్ యంత్రం లేకుండా ఆ చిక్కు వీడేది కాదు. ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. జొనాథన్ హార్న్‌బ్లోవర్ తన రెండు సిలిండర్ల యంత్రానికి పేటెంటు పొడిగించమని 1792లో పార్లమెంటును అడిగితే బౌల్టన్, వాట్ అడ్డుపడ్డారు. తమకు దక్కిన సదుపాయం ఇంకొకరికి దక్కనివ్వలేదు. ఇది నాకు అన్యాయంగానే కనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సైన్సుకు పెద్ద పోషకురాలు ప్రభుత్వమైంది. కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని డబ్బు పెట్టే వెంచర్ క్యాపిటల్ అనే వ్యాపారం కూడా అప్పుడే మొదలైంది. అమెరికాలో జార్జెస్ డోరియో నడిపిన ఏఆర్‌డీ అనే పెట్టుబడి సంస్థ 1957లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ అనే కంప్యూటర్ కంపెనీలో 70,000 డాలర్లు పెట్టి 70 శాతం వాటా తీసుకుంది. ఆ పెట్టుబడి తర్వాత కోట్ల డాలర్లయింది. అయితే కంపెనీ పెట్టిన కెన్ ఓల్సెన్, హార్లన్ ఆండర్సన్ కంప్యూటర్లు కట్టడం నేర్చుకున్నది సైన్యం డబ్బుతో నడిచే ఎంఐటీ లింకన్ ల్యాబ్‌లో. ఆ చదువు ఖర్చు ఏఆర్‌డీ లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

ప్రభుత్వ డబ్బుకు మాత్రం ముందుచూపు ఎప్పుడూ ఉంటుందా అంటే, అదీ లేదు. ప్రొటీన్ ఎలా తయారుచేయాలో కణానికి చెప్పే అణువు మెసెంజర్ ఆర్ఎన్ఏ. దాని మీద పనిచేసిన శాస్త్రవేత్త కటలిన్ కరికోకు గ్రాంట్లు వరసగా నిరాకరించారు. 1995లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ ఆమె హోదా తగ్గించింది. డ్రూ వైస్‌మన్‌తో కలిసి ఆమె 2005లో ప్రచురించిన పరిశోధనే తర్వాత ఎంఆర్ఎన్ఏ కోవిడ్ వ్యాక్సిన్లకు దారి తీసింది. ఆ వ్యాక్సిన్లు తెచ్చిన కంపెనీలను, అంటే 2008లో పుట్టిన బయోఎన్‌టెక్‌ను, 2010లో పుట్టిన మోడర్నాను మార్కెట్లో ఒక్క మందు కూడా లేకుండా పదేళ్లపాటు నిలబెట్టిన వాళ్లలో ప్రైవేటు పెట్టుబడిదారులు ముఖ్యులు. ఆ ఓపికకు ఘనత ఇవ్వాల్సిందే. 2020లో కోవిడ్ ముంచుకొచ్చాక జర్మనీ ప్రభుత్వం బయోఎన్‌టెక్‌కు 37.5 కోట్ల యూరోలు ఇచ్చింది. కరికో, వైస్‌మన్‌లకు నోబెల్ 2023లో వచ్చింది.

ఘనత ఎవరిదన్న మాట చివరికి ధర దగ్గరికి వస్తుంది. అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టం ప్రకారం ప్రభుత్వ డబ్బుతో చేసిన ఆవిష్కరణకు యూనివర్సిటీలు పేటెంటు తీసుకుని కంపెనీలకు ఇవ్వొచ్చు. ప్రజావసరం తీరకపోతే ఆ ఉత్పత్తిని తయారుచేసే లైసెన్సు వేరేవాళ్లకు ఇప్పించే అధికారం ప్రభుత్వం దగ్గరే ఉంటుంది. ప్రొస్టేట్ క్యాన్సర్‌కు వాడే ఎక్స్‌టాండి మందు ప్రభుత్వ గ్రాంట్లతో యూసీఎల్‌ఏలో పుట్టింది. దాని ధర భరించలేని రోగులు ఆ అధికారం వాడమని కోరితే 2023 మార్చిలో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ తిరస్కరించింది.