ట్రైలర్‌లో కరెంటు తిరిగొచ్చే దారి

చిరంజీవి పెద్దోడికీ, చిట్టికీ తాతయ్య ఆశీస్సులు.

దసరా సెలవులకు మీరు కర్నూలు నుంచి బెంగళూరు రాగానే ట్రైలర్ వైరింగ్ మొదలుపెడదామని మీ మామయ్య అన్నాడు. లోపల ఎన్ని లైట్లు పెట్టాలి, ఏ రంగువి పెట్టాలి అని మీరిద్దరూ ఫోన్‌లో ఒకటే అడుగుతున్నారు. అది మీ ఇష్టం, మీకు నచ్చినవే పెట్టుకోండి. అంతకన్నా ముందు మీకు తెలియాల్సింది ఒకటుంది. ఫోన్‌లో చెబితే సగమే చెవిన పడుతుందని ఉత్తరం రాస్తున్నాను. పెన్సిలు పట్టుకుని, బొమ్మలు గీసుకుంటూ చదవండి.

మామయ్య కొన్న టియర్‌డ్రాప్ ట్రైలర్ ఎవరో ఇంట్లోనే చేసుకున్నది. రామ్మూర్తినగర్ ఇంటి కాంపౌండ్‌లో మామిడిచెట్టు కింద ఉంది. ముందు గుండ్రంగా లేచి వెనక్కి వాలుగా దిగుతుంది. లోపల ఇద్దరు పడుకునే పరుపు, వెనక తలుపు పైకెత్తితే వంటగట్టు. అమెరికాలో 1930లలో ఇలాంటివి మొదలయ్యాయి, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక బాగా పెరిగాయి. చాలావాటి కొలత నాలుగడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల పొడవు. ప్లైవుడ్ షీటు కొలత కూడా అంతే కాబట్టి నేల ఒక్క షీటులో అయిపోతుంది. ఆ లెక్క చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

మనదాంట్లో వెనక తలుపు దగ్గర ప్లైవుడ్ మెత్తబడిపోయింది. అక్టోబర్‌లో బెంగళూరు వాన ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, అందుకే చెక్క పని ముందే చేయిస్తున్నాను. కుళ్లిన ముక్క కోసేసి, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ వేయిస్తాను. ప్లైవుడ్ నీళ్లు తాగేది అంచుల్లోంచే, కాబట్టి కోసిన ప్రతి అంచుకీ ఎపాక్సీ, అంటే నీళ్లు చొరనివ్వని గట్టి జిగురు పూయాలి. అతుకులకు సిలికాన్ వద్దు, దానిమీద పెయింటు పట్టదు. పాలీయూరితేన్ సీలెంట్ పెడదాం. పైకప్పు ఆరిందని తేలాకే వైరు లోపలికి వెళ్తుంది.

ఇక అసలు సంగతి. బ్యాటరీలోంచి బయల్దేరిన కరెంటు మళ్లీ బ్యాటరీకి చేరాల్సిందే. చేరే దారి లేకపోతే అసలు బయల్దేరదు. బల్బు దాకా వెళ్లే ఎర్ర వైరును అందరూ శ్రద్ధగా వేస్తారు, తిరిగొచ్చే దారిని మాత్రం ఎక్కడో ఒకచోట ఇనుముకు తగిలించి వదిలేస్తారు. జీవితమంతా బండ్ల వైరింగ్ చేశాను. నా దగ్గరకొచ్చిన లైట్ల రిపేర్లలో చాలావాటికి మూలం ఆ తిరుగుదారిలోనే ఉండేది.

మన ట్రైలర్‌నే చూడండి. కారుకు తగిలించి బ్రేకు తొక్కితే వెనక లైట్లు ప్రకాశించాల్సింది పోయి మసకబారుతున్నాయి. ఎడమ ఇండికేటర్ వేస్తే కుడివైపు లైటు కూడా మినుకుమంటోంది. ముందు చేసినాయన ఎర్త్ వైరు, అంటే కరెంటు తిరిగొచ్చే వైరు వేయలేదు. కారుకూ ట్రైలర్‌కూ మధ్య ఉండే ఇనుప గుండు, కప్పు ద్వారానే కరెంటు తిరిగొస్తుందనుకున్నాడు. ఆ గుండుకు గ్రీజు, దానిమీద దుమ్ము, కింద తుప్పు. దారి మూసుకుపోయేసరికి ఒక బల్బులోంచి వచ్చిన కరెంటు పక్క బల్బు ఫిలమెంటు గుండా దొంగదారిన వెనక్కి పోతోంది. అన్ని లైట్లూ కలిసి పిచ్చిగా ఆడితే బల్బులు మార్చకండి, ముందు ఎర్త్ చూడండి.

దీన్ని పట్టుకోవడం తేలికే. లైటు వెలుగుతుండగా, వోల్టులు కొలిచే మల్టీమీటర్‌ను డీసీ (బ్యాటరీ కరెంటు) వోల్టుల మీద పెట్టి, ఒక కొసను కారు బ్యాటరీ మైనస్‌కు, రెండోదాన్ని లైటు ఎర్త్ దగ్గర ఆనించండి. సున్నా దగ్గర చూపిస్తే దారి బాగుంది. ఒక వోల్టో రెండు వోల్టులో చూపిస్తే ఆ మేరకు దారిలోనే పోతోందన్నమాట. ఈ పరీక్ష మీ ఇద్దరి చేతా చేయిస్తాను.

లైట్లకు ఏడు పిన్నుల సాకెట్ పెడదాం. అందులో పసుపు వైరు ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ కుడి ఇండికేటర్, ఎరుపు బ్రేకు, గోధుమరంగు కుడి టెయిల్ లైటు, నలుపు ఎడమ టెయిల్ లైటు, నీలం వెనక ఫాగ్ లైటు. తెలుపు ఎర్త్, అంటే అందరి తిరుగుదారి. ఇంటర్నెట్‌లో మీరు చూసిన బొమ్మలు అమెరికావి. చిన్న ట్రైలర్లకు అక్కడ నాలుగే వైర్లు. బ్రేకుకీ ఇండికేటర్‌కీ ఒకే బల్బు వాడతారు కాబట్టి వాళ్లకు సరిపోతాయి. మన కార్లలో ఇండికేటర్ వేరు, బ్రేకు వేరు. ఆ బొమ్మ చూసి వేస్తే మీకు తల తిరుగుతుంది. ఇక్కడ నలుపు టెయిల్ లైటుకు ప్లస్ వైరని కూడా గుర్తుంచుకోండి, అలవాటుకొద్దీ మైనస్ అనుకుని కలిపేస్తే ఫ్యూజు పోతుంది.

ఇప్పుడు ట్రైలర్ లోపలి సొంత బ్యాటరీ. ఇక్కడ కొంచెం లెక్క ఉంది. ఇంట్లో 230 వోల్టుల మీద 60 వాట్లు వాడితే పావు ఆంపియరే. అదే 60 వాట్లు 12 వోల్టుల మీద అయితే 5 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి వెనక వంటగట్టుకు నాలుగు మీటర్లు అనుకుందాం. కరెంటు తిరిగి రావాలి కాబట్టి వైరు పొడవు ఎనిమిది మీటర్లు. ఈ రెట్టింపును మరిచిపోయేవాళ్లు ఎక్కువ. ఒకటిన్నర స్క్వేర్ ఎమ్ఎమ్ మందం రాగి వైరు అయితే ఆ ఎనిమిది మీటర్లలో అర వోల్టు పైచిలుకు పోతుంది. నాలుగు స్క్వేర్ ఎమ్ఎమ్ వేస్తే 0.2 వోల్టే. అర వోల్టే కదా అనుకోకండి. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే సుమారు 12.7 వోల్టులు, సగం ఖర్చయితే 12.2. రెండింటికీ తేడా ఆ అర వోల్టే! సన్న వైరు వేస్తే నిండు బ్యాటరీ కూడా సగం బ్యాటరీలా పనిచేస్తుంది.

చిట్టి ఫ్రిజ్ అడిగింది కదా, లెక్క నువ్వే చూడమ్మా. మూడు వాట్ల ఎల్ఈడీలు మూడు, నాలుగు గంటలు వెలిగితే 36 వాట్ అవర్లు. 18 వాట్ల ఫ్యాన్ ఎనిమిది గంటలకు 144. ఫోన్లకు 60 వేసుకో. మొత్తం 240, పన్నెండుతో భాగిస్తే 20 ఆంపియర్ అవర్లు. 45 వాట్ల చిన్న ఫ్రిజ్ రోజులో సగంసేపు తిరిగినా 540 వాట్ అవర్లు, అంటే ఇంకో 45. రెండూ కలిపితే 65. మన దగ్గరున్నది 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ, ఎక్కువ కాలం మన్నాలంటే సగానికి మించి వాడకూడదు. 50లో 65 పట్టదు. హార్స్‌లీ హిల్స్‌లో ఒక రాత్రికి ఐస్ పెట్టె చాలు. పైగా అక్కడ రాత్రి చలికి మీరే దుప్పట్లు లాక్కుంటారు.

ఫ్యూజు గురించి గట్టిగా చెప్తున్నా, వినండి. ఫ్యూజు ఉన్నది ఫ్యానును కాపాడడానికని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును. ఎర్ర వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి ఛాసిస్‌కు, అంటే కింది ఇనుప చట్రానికి తగిలితే, కరెంటుకు పనిచేయకుండానే తిరిగొచ్చే అడ్డదారి దొరికినట్టే. అప్పుడు ఇంత బ్యాటరీ క్షణంలో వెయ్యి ఆంపియర్లకు పైగా తోయగలదు. వైరు కొలిమిలా ఎర్రబడుతుంది, పక్కనే పరుపు ఉంటుంది. అందుకే ఒకటిన్నర స్క్వేర్ ఎమ్ఎమ్ వైరుకు ఎర్ర రంగు 10 ఆంపియర్ ఫ్యూజు, రెండున్నరకు నీలం 15, నాలుగుకు పసుపు 20 పెడదాం. మెయిన్ ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యూజుకు ముందున్న వైరును ఎవరూ కాపాడరు. పోయిన ఫ్యూజు స్థానంలో పెద్దది పెట్టడం మన ఇంట్లో జరగకూడదు. ఎందుకు పోయిందో దొరికాకే కొత్తది.

స్విచ్చులు కూడా డీసీకి పనికొచ్చేవే కొనాలి. ఇంటి ఏసీ కరెంటు సెకనుకు నూరుసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్ తీసినప్పుడు వచ్చే నిప్పురవ్వ దానంతటదే ఆరిపోతుంది. డీసీకి ఆ విరామం లేదు.

ఎక్కడైనా గెస్ట్‌హౌస్ దగ్గర ఆపి 230 వోల్టులు ట్రైలర్‌కు తీసుకుంటే, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా తీసుకోనివ్వను. పిక్నిక్‌కు వెళ్లేటప్పుడు, తిరిగొచ్చేటప్పుడు టీచరు పిల్లల తలలు లెక్కపెట్టినట్టు, వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమేనా అని అది చూస్తుంటుంది. తగ్గిందంటే ఎవరి ఒంటిగుండానో నేలలోకి పోతోందేమోనని వెంటనే కట్ చేస్తుంది. 230 వోల్టుల వైరింగ్ నేను చేస్తాను. మీరు చూడండి, ముట్టుకోకండి.

మిగతావి చేతిపని. వైరు అంతా మెత్తటి పోగులదే, ఒంటి తీగది బండి అదురుకు విరుగుతుంది. వైరు కొసను సోల్డరింగ్‌తో అతకడం కన్నా లగ్గు (లోహపు తొడుగు) పెట్టి ప్లయర్‌తో నొక్కే క్రింపింగ్ మేలు, ఎందుకంటే సోల్డర్ పీల్చుకుని బిగిసిన చోట పోగులు తెగుతాయి. ఇనుములో రంధ్రం గుండా వెళ్లే ప్రతిచోటా వైరు ఒరుసుకోకుండా రబ్బరు గ్రోమెట్ (రింగు). బ్యాటరీ చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి దాని పెట్టె గాలి బయటికే పోవాలి. పడుకునే చోట గాలి కిటికీలు మూయకూడదు, స్టవ్ లోపల వెలిగించకూడదు. స్టవ్ నుంచి వచ్చే బొగ్గుపులుసు వాయువుకూ (కార్బన్ డయాక్సైడ్), విషమైన కార్బన్ మోనాక్సైడ్‌కూ వాసన ఉండదు, నిద్రలో తెలియదు.

కాగితాల పని మామయ్యది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, రిజిస్ట్రేషన్ కావాలి. ఆర్టీవో ఆఫీసులో ఆ పని అయ్యేదాకా ఇది కాంపౌండ్ దాటదు. మీరు అలిగినా సరే.

మొదటి రోజు వైరు ముట్టుకోం. ప్రతి లైటుకూ వెళ్లే గీత ఎర్ర పెన్సిలుతో, తిరిగొచ్చే గీత నల్ల పెన్సిలుతో గీసి, పక్కన వైరు సైజు, ఫ్యూజు సైజు రాద్దాం. గీతలన్నీ బ్యాటరీకి చేరాయని చూసుకుని, ఆ కాగితం పట్టుకుని సామాను కొనడానికి సిటీ బస్సులో ఎస్పీ రోడ్డుకూ, జేసీ రోడ్డుకూ వెళ్దాం. పెద్దోడు రెండు గ్రాఫ్ పుస్తకాలు తేవాలి, చిట్టి రంగు పెన్సిళ్లు. మల్టీమీటర్, క్రింపింగ్ ప్లయర్ నా దగ్గరున్నాయి. మీ అమ్మను పాత బట్టలు రెండు జతలు పెట్టమనండి, సీలెంట్ అంటితే పోదు.

ఆశీస్సులతో,
తాతయ్య