సిటిజన్‌షిప్ క్లాసు ఉద్యోగ శిక్షణ కిందికి వెళ్ళిన ఏడాది

అమెరికా పౌరసత్వ పరీక్ష మళ్ళీ వార్తల్లోకొచ్చింది. 2025 అక్టోబర్ 20 నుంచి దరఖాస్తు పెట్టుకున్నవారికి ప్రశ్నల పట్టిక 100 నుంచి 128కి పెరిగింది. ఇదివరకు ఆఫీసర్ పది ప్రశ్నలు అడిగితే ఆరింటికి జవాబు చెబితే చాలు. ఇప్పుడు ఇరవైలో పన్నెండు చెప్పాలి. ఈ పరీక్షకు తయారుచేసే సంస్థలకు పౌరసత్వ దరఖాస్తులు చూసే ఫెడరల్ సంస్థ యూఎస్‌సీఐఎస్ ఇచ్చే గ్రాంట్లు అదే ఏడాది ఫిబ్రవరిలో ఆగి, తర్వాత రద్దయ్యాయి. జులై 1న రాష్ట్రాలకు అందాల్సిన వయోజన విద్య నిధులను విద్యాశాఖ ఆపేసి, నెలాఖరుకు గానీ వదల్లేదు. మార్చి 1న ఇంగ్లీషును దేశ అధికార భాషగా ప్రకటించిన ప్రభుత్వం, ఆ ఇంగ్లీషు నేర్పే క్లాసులకే డబ్బు ఆపడమేమిటని టీచర్లు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే.

కానీ ఒక్క ఏడాది దెబ్బకే ఈ క్లాసులు ఇంత బలహీనపడలేదు. వాటి పునాది 2014లోనే కదిలింది.

ఆ ఏడాది జులై 22న ఒబామా సంతకం చేసిన వర్క్‌ఫోర్స్ ఇన్నోవేషన్ అండ్ ఆపర్చ్యూనిటీ యాక్ట్‌కి సెనేట్‌లో 95–3, ప్రతినిధుల సభలో 415–6 ఓట్లు పడ్డాయి. రెండు పార్టీలూ ఇష్టంగా తెచ్చుకున్న చట్టం కాబట్టి పెద్దగా గొడవ జరగలేదు. అప్పటిదాకా వలస వచ్చిన పెద్దలకు ఇంగ్లీషు, పౌర జ్ఞానం కలిపి నేర్పే ‘ఈఎల్ సివిక్స్’ నిధులు ఏటా బడ్జెట్ బిల్లులో ఒక వాక్యంగా వచ్చేవి. కొత్త చట్టం 243వ సెక్షన్ కింద వాటికి శాశ్వత స్థానం ఇచ్చి, వయోజన విద్య నిధుల్లో 12 శాతం కేటాయించింది. ఇది నిజంగా మేలే. అయితే ఆ డబ్బు తీసుకునే బోధనా కేంద్రాలు ఉద్యోగ శిక్షణను కూడా జోడించాలని షరతు పెట్టింది.

ప్రతి విద్యార్థీ ఆ శిక్షణలో చేరి తీరాలని చట్టం అనలేదు. చిక్కంతా లెక్క కట్టే పద్ధతిలో ఉంది. బోధనా కేంద్రం బాగా నడుస్తోందా లేదా అని తేల్చే కొలతలు ఇవి: క్లాసు వదిలాక రెండో త్రైమాసికంలో ఉద్యోగం ఉందా, నాలుగో త్రైమాసికంలో ఉందా, సంపాదన ఎంత, సర్టిఫికెట్ వచ్చిందా, చదువులో ఎంత ముందుకెళ్ళారు. పౌరసత్వం వచ్చిందా అన్న ప్రశ్న ఆ ప్రధాన కొలతల్లో లేనే లేదు. మనవల కోసం వచ్చి, గ్రీన్ కార్డు మీద అయిదేళ్ళు గడిపి, 67 ఏట పరీక్షకు కూర్చునే పెద్దావిడ తరగతిలో అందరికన్నా శ్రద్ధగా చదివినా, ఉద్యోగాల లెక్కలో సున్నాయే. మన తెలుగు ఇళ్ళలోనూ ఇలాంటి అమ్మలు, అత్తయ్యలు ఎందరో ఉన్నారు.

ఆమెకు చట్టంలోని మినహాయింపులూ అందవు. ఇంగ్లీషు నుంచి మినహాయింపు కావాలంటే 55 దాటి, గ్రీన్ కార్డుతో 15 ఏళ్ళు ఉండాలి. లేదా 50 దాటి, 20 ఏళ్ళు ఉండాలి. ఇరవై ప్రశ్నలే చదువుకునే వెసులుబాటు 65 దాటి, 20 ఏళ్ళు ఉన్నవారికే.

ఇంకో దారి ఉండేదని గుర్తు చెయ్యాలి. 1986 వలస చట్టం కింద, అప్పటిదాకా అనుమతి లేకుండా ఉంటున్న సుమారు 27 లక్షల మందికి చట్టబద్ధ నివాసం దక్కింది. వారిలో చాలామంది గ్రీన్ కార్డు కోసం ఇంగ్లీషు, చరిత్ర వస్తాయని చూపాలి. 60 గంటల కోర్సులో చేరి 40 గంటలు హాజరైనా చాలన్నారు. ఆ క్లాసులు నడపడానికి రాష్ట్రాలకు ఫెడరల్ ప్రభుత్వమే డబ్బిచ్చింది. చదవమన్నవారే చదువు ఖర్చూ భరించారు.

2014 చట్టాన్ని సమర్థించేవారు చెప్పేదీ ఉంది. స్వదేశంలో డిగ్రీ ఉన్నా ఇక్కడ గిన్నెలు కడిగే మనిషికి మంచి ఉద్యోగమే ముందు కావాలి, ప్రజాధనానికి ఫలితం చూపాలి అంటారు. ఆ మనిషి విషయంలో అది సరే.

అయితే ఉద్యోగం అక్కరలేనివారి బరువు క్రమంగా ఒక చిన్న సంచి మీద పడింది. అదే 2009లో మొదలైన యూఎస్‌సీఐఎస్ గ్రాంటు. మొదటి ఏడాది 12 లక్షల డాలర్లు, తర్వాత పెరిగినా దేశం మొత్తానికి చాలేది కాదు. 2025లో మూతపడింది ఆ సంచే. అదే వేసవిలో వయోజన విద్య నిర్వహణ కార్మిక శాఖ చేతికి వెళ్తుంటే చాలామంది ఆశ్చర్యపోయారు. 2014 చట్టం చదివినవారికి అందులో ఆశ్చర్యపడాల్సింది లేదు.

ఇప్పుడు చాలాచోట్ల లైబ్రరీ గదుల్లో, చర్చిల్లో వాలంటీర్లే క్లాసు నెట్టుకొస్తున్నారు. 128 ప్రశ్నలూ జవాబులతో సహా నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, బట్టీ పట్టొచ్చు. ఇంటర్వ్యూలో ఎక్కువ టెన్షన్ పెట్టేది ఆఫీసర్ దరఖాస్తులోంచి తీసి అడిగే ప్రశ్నలు. ఇంగ్లీషు మాట్లాడడం వచ్చా రాదా అని తేల్చేది వాటితోనే. ఆ సంభాషణ అలవాటు కావాలంటే ఎదురుగా ఒక టీచర్ కూర్చుని, అదే ప్రశ్నను నాలుగు రకాలుగా, ఓపిగ్గా అడగాలి. రద్దయిన గ్రాంటు డబ్బు అలాంటి క్లాసులకే వెళ్ళేది.