గొడవ పడ్డా చేప పంచుకోక తప్పదు

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరు అడిగిన ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పి తప్పించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. "యూరప్ దేశాలు రష్యాతో మాటలు మానేశాయంటారు కదా తాతయ్యా, మరి నార్వే ఏటేటా రష్యాతో కూర్చుని చేపల లెక్క ఎలా రాసుకుంటోంది?" అన్నారు. అట్లాస్ తెరిచి యూరప్ పటంలో బాగా పైకి, నార్వే తూర్పు కొసకి పోండి. అక్కడ కిర్కెనెస్ అనే చిన్న ఊరు కనబడుతుంది. అది ఇస్తాంబుల్ కంటే కూడా కాస్త తూర్పున ఉందంటే మొదట నమ్మబుద్ధి కాదు, స్కేలు పెట్టి చూసుకోండి. నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యుడే ఉదయించడు. ఆ ఊరి పక్కనే రష్యా సరిహద్దు. దాదాపు 200 కిలోమీటర్ల పొడవున్న ఆ సరిహద్దులో రోడ్డు మీద దాటడానికి ఉన్నది ఒక్కటే చోటు, దాని పేరు స్టోర్‌స్కోగ్.

ఇక చేప సంగతి. ఆ పైనున్న బారెంట్స్ సముద్రంలో కాడ్ అనే చేప దొరుకుతుంది. అది గుడ్లు పెట్టేది నార్వే తీరంలో, ముఖ్యంగా లోఫోటెన్ దీవుల దగ్గర. చేప పిల్లలు ప్రవాహంలో కొట్టుకుపోయి, బారెంట్స్ సముద్రంలో, రష్యా జలాల్లో కూడా, మేసి పెరుగుతాయి. పెద్దవయ్యాక మళ్లీ గుడ్లు పెట్టడానికి పడమటికి వస్తాయి. రష్యావాళ్లు పిల్ల చేపల్ని ఊడ్చేస్తే నార్వేకి పెద్ద చేప మిగలదు. నార్వేవాళ్లు గుడ్లు పెట్టే చేపని ఊడ్చేస్తే రష్యాకి పిల్లే పుట్టదు. అందుకే 1975లో ఒప్పందం రాసుకుని, 1976 నుంచి ఇద్దరూ కలిసి ఒక మత్స్య కమిషన్ నడుపుతున్నారు. శాస్త్రవేత్తలు చేపల నిల్వ అంచనా వేస్తారు, కమిషన్ ఆ ఏడాది ఎంత పట్టాలో తేలుస్తుంది. అందులో ఇతర దేశాలకు కొంత వాటా పోగా మిగిలింది ఇద్దరికీ చెరి సగం.

2013లో కాడ్ కోటా 10 లక్షల టన్నులు. 2025కి వచ్చేసరికి 3 లక్షల 40 వేల టన్నులకు పడిపోయింది, నిల్వలు తగ్గిపోతున్నాయి మరి. ఉక్రెయిన్ మీద రష్యా దాడికి దిగాక కూడా ఈ కమిషన్ ఆగలేదు. నార్వే తన ఓడరేవుల్ని రష్యా పడవలకు మూసేసింది గానీ, చేపల పడవల కోసం ట్రోమ్సో, బాట్స్‌ఫియోర్డ్, కిర్కెనెస్ మూడింటినీ తెరిచి ఉంచింది. ఇది స్నేహం కాదు. ఒకరి చేతిలో ఒకరి పిలక ఉంది, అంతే.

ఇది కొత్త తెలివి కూడా కాదు. కిర్కెనెస్‌ని 1944 అక్టోబరులో జర్మన్ సైన్యం నుంచి విడిపించింది సోవియట్ ఎర్ర సైన్యం. ఐదేళ్లు తిరగకముందే 1949లో నార్వే, సోవియట్‌కు ఎదురు నిలిచిన సైనిక కూటమి నాటోలో చేరింది. కృతజ్ఞతా, భయమూ రెండూ ఒకే ఊళ్లో కాపురం పెట్టాయి. అలాంటి రోజుల్లోనే, 1957లో, సరిహద్దు వెంట పారే పాస్విక్ నది నీటిని కరెంటు కోసం పంచుకోవడానికి ఆ రెండు దేశాలూ సంతకాలు చేశాయి. ఆ నది మీద ఇప్పుడు ఏడు జలవిద్యుత్ కేంద్రాలున్నాయి, ఐదు రష్యావి, రెండు నార్వేవి. నది పుట్టేది ఫిన్లాండ్‌లోని ఇనారి సరస్సులో కాబట్టి, సరస్సు మట్టం ఎంత ఉండాలన్న దాని మీద 1959లో మూడు దేశాలూ కలిసి ఇంకో ఒప్పందం చేసుకున్నాయి.

సోవియట్ యూనియన్ విడిపోయాక పెద్ద ఆశలు పుట్టాయి. అప్పటి నార్వే విదేశాంగ మంత్రి థోర్వాల్డ్ స్టోల్టెన్‌బర్గ్ పూనుకుని 1993 జనవరి 11న కిర్కెనెస్‌లోనే అందర్నీ కూర్చోబెట్టి బారెంట్స్ సహకారానికి పునాది వేశాడు. నాకు ఇందులో నచ్చింది దాని అమరిక. పైన ఒక మండలి: నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా, డెన్మార్క్, ఐస్‌లాండ్, యూరోపియన్ కమిషన్, వీళ్ల మంత్రుల స్థాయిది. దాంతోపాటు రెండో మండలి, ఉత్తరాది జిల్లాలదీ ప్రాంతాలదీ. నార్వే నుంచి ఫిన్‌మార్క్, స్వీడన్ నుంచి నోర్‌బోటెన్, ఫిన్లాండ్ నుంచి లాప్‌లాండ్, రష్యా నుంచి ముర్మాన్స్క్, అర్ఖాంగెల్స్క్ లాంటివి. ఓస్లో, స్టాక్‌హోమ్, హెల్సింకి, మాస్కో అన్నీ దక్షిణాననే ఉన్నాయి. మంచులో రోడ్డు మూసుకుపోతే ఏమవుతుందో, ప్రసవానికి ఎంత దూరం పోవాలో రాజధానిలో కూర్చున్నవాళ్లకి కాగితం మీదే తెలుస్తుంది. అందుకని అక్కడివాళ్లకే కుర్చీ వేశారు. ఆదివాసులైన సామి, నెనెత్స్, వెప్స్ జనాలకు కూడా ఒక బృందం ఉండేది, కానీ అది సలహా ఇచ్చేది మాత్రమే. అది నాకు కొరతగానే కనిపిస్తుంది.

(ఆర్కిటిక్ కౌన్సిల్ అని ఇంకొకటుంది, 1996లో పెట్టారు. 2013 నుంచి మన దేశం అందులో పరిశీలక హోదాలో ఉంది. రెండింటినీ కలిపేయకండి, అది వేరే కథ.)

ఈ బారెంట్స్ ఏర్పాటు ఏం సాధించింది? ప్రమాదం వస్తే సరిహద్దు చూడకుండా ఒకరికొకరు సాయం పంపుకునేలా 2008లో ఒప్పందం చేసుకున్నారు, కలిసి కసరత్తులూ చేశారు. రష్యా వైపున్న 42 కాలుష్య కేంద్రాల పట్టిక 2003లో తయారైంది. 2012లో సరిహద్దుకు దాదాపు 30 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లకు వీసా లేకుండా అటూ ఇటూ పోయే అనుమతి కార్డు వచ్చింది. నార్వేవాళ్లు చవక పెట్రోలు కోసం నికెల్ అనే రష్యా ఊరికి పోయేవాళ్లు, రష్యావాళ్లు పసిపిల్లల డయపర్ల కోసం కిర్కెనెస్ వచ్చేవాళ్లు. ఆ ఊళ్లో వీధుల పేర్లు రష్యన్ లిపిలో కూడా రాశారు. ఆలోపు, 2010లో, నార్వే, రష్యా దాదాపు 40 ఏళ్లుగా నలుగుతున్న సముద్ర సరిహద్దు తగవును ముర్మాన్స్క్‌లో తీర్చుకున్నాయి. లక్షా 75 వేల చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని సుమారుగా సగం సగం పంచుకున్నాయి.

సాధించలేనివీ ఉన్నాయి. అదే నికెల్ ఊళ్లో లోహం కరిగించే ఫ్యాక్టరీ పొగ ఏళ్ల తరబడి నార్వే గాలిలో కలిసింది. బాగుచేయడానికి డబ్బిస్తామని నార్వే ముందుకొచ్చినా ఆ పని సాగలేదు. చివరికి 2020 డిసెంబరులో కంపెనీయే దాన్ని మూసేసింది.

ఉక్రెయిన్ మీద దాడి తర్వాత, 2022 మార్చిలో బారెంట్స్ మండలిలోని మిగతా సభ్యులు రష్యాతో కలిసి చేసే పనులు ఆపేశారు. 2023 సెప్టెంబరులో రష్యా తనే బయటికి పోయింది. 30 ఏళ్లు కట్టింది ఏడాదిన్నరలో పోయింది. చేపా, నదీ మాత్రం మిగిలాయి. అవి ఆగితే మర్నాడే రెండు వైపులా దెబ్బ. అదే ఉమ్మడి యువజన ఉత్సవం లాంటిది ఆగితే బాధ ఉంటుంది గానీ ఎవరి ఇంటా దీపం ఆరిపోదు. నేను చదివి అర్థం చేసుకున్నది ఇంతే, మీకు ఇంకోలా అనిపిస్తే వాదించండి.

పటంలో ఇంకాస్త పడమటికి, కిందికి రండి. బోత్నియా ఖాతం కొసన టోర్నె నది, ఒక ఒడ్డున స్వీడన్ ఊరు హపరాండా, ఇంకో ఒడ్డున ఫిన్లాండ్ ఊరు టోర్నియో. రెండు ఊళ్ల గడియారాలకూ గంట తేడా. రైలు పట్టాల మధ్య దూరం కూడా వేరు, స్వీడన్‌లో 1435 మిల్లీమీటర్లు, ఫిన్లాండ్‌లో 1524. అయినా రెండు ఊళ్ల మురుగునీటినీ శుద్ధి చేసే కేంద్రం ఒక్కటే, ఉమ్మడి భాషా పాఠశాల కూడా ఉంది. నదికి 1971లోనే ఉమ్మడి కమిషన్ పెట్టారు, 2010లో కొత్త ఒప్పందం వచ్చింది. మన కృష్ణా, గోదావరి బోర్డులు 2014 విభజన చట్టంతో వచ్చినవి, వాటి పైన ఢిల్లీ ఉంది. టోర్నె పైన అలా ఒకే కేంద్ర ప్రభుత్వం లేదు, అందుకే అక్కడివాళ్ల ఓపిక నాకు ఎక్కువ ముచ్చటేస్తుంది.

సామి జనం సంగతి చెప్పకుండా ఈ ఉత్తరం ముగిస్తే అన్యాయం. ఈ గీతలేవీ గీయకముందు నుంచీ వాళ్లు రెయిన్‌డీర్ అనే మంచు ప్రాంతపు దుప్పుల మందల్ని తోలుకుని అక్కడే తిరుగుతున్నారు. 1751లో నార్వే, స్వీడన్ల మధ్య సరిహద్దు గీసినప్పుడు, మందలతో దాటే హక్కు వాళ్లకుందని ఒప్పందానికి ఒక అనుబంధం రాశారు. 1956లో నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ మూడు దేశాల సామిలు కలిసి సామి కౌన్సిల్ పెట్టుకుంటే, 1992లో రష్యా సామిలు కూడా చేరారు. 2022లో ఆ తాడు కూడా తెగింది, రష్యా వైపు సంఘాలతో పని నిలిపేశారు. నార్వే, స్వీడన్ల మధ్య మేత ఒప్పందం గడువు 2005లోనే తీరింది. 2009లో కొత్తది రాసుకున్నా అమల్లోకి రాలేదు. గొడవ లేని రెండు దేశాలకే అది ఎందుకు తేలడం లేదో ఈసారి ఫోన్ చేసినప్పుడు మీరే ఊహించి చెప్పండి, నా లెక్క నేను చెబుతాను.

అమ్మమ్మ జంతికలు చేసింది, పార్సిల్ పంపుతున్నాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య