పది రూపాయల టీలో నిజంగా మిగిలేదెంత?

విజయవాడ ఆటోనగర్‌లో, మెకానిక్ షెడ్ల మధ్య, పదకొండేళ్లుగా టీ కొట్టు నడుపుతున్నాను. "నీకేంటన్నా, వేడినీళ్లు అమ్మి నోట్లు లెక్కపెట్టుకుంటావు" అనే మాట వారానికి నాలుగుసార్లైనా వింటాను. అనేవాళ్లలో సగంమంది పేర్లు నా ఖాతా పుస్తకంలో ఉంటాయి, అది వేరే సంగతి.

అపోహ: కప్పు టీకి రెండు రూపాయలవుతుంది, మిగతా ఎనిమిదీ లాభమే.

రెండు రూపాయలకు అందులో పోసే పాలే రావు. లీటరు ఫుల్ క్రీమ్ పాలకు నేను ముప్పావు లీటరు నీళ్లు కలుపుతాను. మరిగి, వడకట్టేసరికి 22 కప్పులు తేలతాయి. పాలు నాకు 70 రూపాయలకు పడుతున్నాయి కాబట్టి కప్పుకు 3.20. టీపొడి 80 పైసలు, పంచదార 30, అల్లం యాలకులు 20, పేపర్ కప్పు 50 పైసలు. గ్యాస్‌కు ఒక రూపాయి. మొత్తం ఆరు. ఇంటి ఎర్ర సిలిండర్ పెడితే గ్యాస్ ఖర్చు తగ్గుతుందని చాలామంది సలహా ఇస్తారు. కొట్టులో అది వాడటం నేరం, పట్టుకుంటే సిలిండర్ తీసుకుపోతారు. నీలం రంగు 19 కిలోలదే వాడాలి.

కప్పుకు నాలుగు చొప్పున, రోజుకు 350 కప్పులు పోతే 1,400. అద్దె నెలకు 15,000. ఆదివారాలు ఆటోనగర్ మూతే కాబట్టి తెరిచే 26 రోజులకు పంచితే రోజుకు 577. కుర్రాడి కూలి 600. మిగిలింది 223 రూపాయలు. తెల్లవారుజామున నాలుగింటికి లేచే నా కూలి, మధ్యాహ్నం వచ్చి కూర్చునే మా ఆవిడ కూలి ఇందులోంచే రావాలి.

మరి ఇల్లెలా గడుస్తోందంటే, సమోసాలు, సీసాల్లోని బిస్కెట్లు, బన్నులు, వాటర్ బాటిళ్ల మీద. వాటి మీద రోజుకు 700 దాకా మిగులుతుంది. టీ జనాన్ని పిలుస్తుంది, అద్దె కట్టేది సమోసా. ఉత్త టీ, కాఫీలతోనే కొట్టు పెడతానని ఎవరైనా వస్తే ముందు ఈ లెక్కే చూపిస్తాను.

అపోహ: పాలు కాస్త పల్చన చేస్తే లాభం పెరుగుతుంది.

నేనూ ఒక నెల చేసి చూశాను. నీళ్లు ఇంకో పావు లీటరు పెంచితే 25 కప్పులొచ్చాయి, కప్పుకు 40 పైసలు కలిసొచ్చింది. కానీ 350 కప్పులు 310కి పడిపోయాయి. రోజుకు కలిసొచ్చింది 124 రూపాయలు, పోయింది 160. పైగా పోయిన మెకానిక్కులు సమోసా తినడానికి మాత్రం నా దగ్గరికి ఎందుకొస్తారు? మళ్లీ పాత కొలతకు వచ్చాక కూడా కొందరు తిరిగి రాలేదు.

పాలు తగ్గించడం కన్నా గిన్నె తగ్గించడం మేలు. పెద్ద గిన్నెలో ఒకేసారి కాచి సిమ్‌లో ఉంచితే అరగంటకే వగరెక్కుతుంది, గ్యాస్ కాలుతూనే ఉంటుంది. పదకొండున్నర నుంచి మూడు దాకా మా దగ్గర బేరం ఉండదు. ఆ వేళ నేను పది కప్పుల గిన్నే పెడతాను.

కాఫీలో ఎక్కువ మిగులుతుందనేది సగం నిజం. 15 రూపాయలకు అమ్ముతాం కాబట్టి కప్పు మీద బాగానే కనిపిస్తుంది. కానీ ఫిల్టర్ డికాక్షన్ పొద్దున దించితే సాయంత్రానికి పనికిరాదు. మా దగ్గర కాఫీ అడిగేవాళ్లు రోజుకు ముప్పై మంది, అందులో ఎక్కువమంది ఎనిమిదిలోపే వస్తారు. బస్టాండ్ దగ్గరో, ఆఫీసుల దగ్గరో ఈ లెక్క మారుతుంది.

అపోహ: మంచి టీ మాస్టర్‌ని పెట్టుకుంటే ఓనర్ ఉండక్కర్లేదు.

మాస్టర్ మంచివాడే అయినా ఖాతా రాయడానికి మొహమాటపడతాడు. నేను ఊరెళ్లిన రెండు నెలల్లో ఒక షెడ్డు వాళ్లకు 4,200 అప్పు పెరిగింది. తర్వాత ఆ షెడ్డే ఎత్తేశారు. కప్పుకు నాలుగు చొప్పున అది 1,050 టీల లాభం, అంటే మూడు రోజుల బేరం. అప్పటినుంచి కప్పులు లెక్కపెడుతున్నాను. పొద్దున ఎన్ని పేపర్ కప్పులున్నాయి, రాత్రికి ఎన్ని మిగిలాయి చూస్తే ఎన్ని టీలు పోయాయో తెలుస్తుంది. డబ్బూ ఖాతా కలిపినా దానికి సరిపోకపోతే ఎక్కడో కారుతున్నట్టే.

ఫోన్‌లో డబ్బు తీసుకుంటే జీఎస్టీ పడుతుందని భయపడేవాళ్లు ఈ మధ్య ఎక్కువయ్యారు. 2025 జూలైలో కర్ణాటకలో చిన్న దుకాణాలకు యూపీఐ లెక్కలు చూసి నోటీసులు ఇచ్చినప్పుడు మా వీధిలోనూ ఇద్దరు క్యూఆర్ కాగితాలు పీకేశారు. డబ్బు చేతికిచ్చినా ఫోన్‌లో వేసినా లెక్క ఒకటే, చూసేది ఏడాది అమ్మకాలు. టిఫిన్, టీ కొట్లకు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. రోజుకు 5,000 చొప్పున 26 రోజులు అమ్మితే ఏడాదికి 15,60,000. అంటే కొంచెం బాగా నడిచే కొట్టుకు ఆ గీత మరీ దూరంలో లేదు. అమ్మకాలు రాసిపెట్టుకోవాలి, క్యూఆర్ కాగితం పీకితే లాభం లేదు.

కొట్టు పెట్టాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. అడ్వాన్స్ ఇచ్చేముందు ఆ స్థలం ఎదురుగా మూడు రోజులు, ఐదింటి నుంచి పదింటి దాకా, మళ్లీ నాలుగింటి నుంచి ఎనిమిదింటి దాకా నిలబడి, ఆగే మనుషుల్ని లెక్కపెట్టండి. నడిచిపోయేవాళ్లను కాదు, ఆగేవాళ్లను.